సుజాత వాళ్ళింట్లో రెండు గిన్నెలు

నిన్న బోధన్‌లో ఉండే సుజాత సర్వపిండి చేస్తున్న వీడియో పెట్టింది. మాకైతే అది గిన్నప్ప. పాత ఇత్తడి గిన్నెకు ఒత్తిన బియ్యప్పిండి, వేలితో పొడిచిన చిల్లుల్లో నూనె, ఎర్రగా కాలిన నువ్వులు, కింద అందరి పొగడ్తలు. నాకు కడుపు మండింది.

ఈ మంట చిన్నప్పటిది. చెరకు ట్రాక్టర్లు పోయే మా వీధిలో మాకు ఒకటే గిన్నె. పిండిని చల్లటి గిన్నెకే ఒత్తాలి కదా, గుర్తుందా మీకు? ఒకటి కాలాక అమ్మ గిన్నెను బోర్లించి నీళ్ళు పోస్తే సుయ్యిమనేది. అది చల్లారేదాకా మేం ముగ్గురం కంచాలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. పక్కింటి సుజాతకు ఆ బాధ లేదు. వాళ్ళకు రెండు గిన్నెలు. ఒకటి చల్లారుతుంటే రెండోది పొయ్యి మీద ఉండేది. మా వంతు రాకముందే తను మా గడప దగ్గరికొచ్చి కరకరా నమిలేది.

ఫోన్ చేసి అదే చెప్పాను. "మీ రెండు గిన్నెలు చూసి ఎంత కుళ్ళుకున్ననో ఎరుకేనా నీకు?"

సుజాత నవ్వింది. "అండ్ల ఒకటి మీదేనే. మీ అమ్మ మాకిచ్చి మల్ల అడగలే. నిన్న నేను చేసింది గూడ గా గిన్నెలనే."

వెంటనే అమ్మను అడిగాను. "ఆళ్ళ పిల్లలు ఆకలికి ఆగకపోదురు. మీరు ఆగుతుంటిరి," అని తన పనిలో పడింది.

ఆదివారం గిన్నప్ప తినడానికి రమ్మంది సుజాత. గిన్నె సరిపోయేంత పెద్ద సంచి పట్టుకుని పోతున్నాను.