షెర్రీకి తగిన తిండి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన కొన్నాళ్లకు మా దొర తన ఫ్లాట్‌కు తాళం వేసి, హవల్లీలో మా గదికి వచ్చేశాడు. ఆయన షుఐబా చమురు శుద్ధి కర్మాగారంలో ఇంజనీరు, నేను ఆయన వంటవాణ్ణి. సైనికులు తెల్లవాళ్లను పట్టుకుపోతున్నారు. నాతో ఉండే రాయచోటి డ్రైవరు, "పెద్దాయన్ని బయటికి తోస్తామా అన్నా? ఉండనీలే" అన్నాడు.

దొర దుప్పటైనా తెచ్చుకోలేదు. తువ్వాల్లో చుట్టి ఒక సీసా మాత్రం తెచ్చుకున్నాడు. షెర్రీ అట. స్పెయిన్‌లో పీపాల్లో ఏళ్లకేళ్లు ముదిరిన ద్రాక్షసారా, తీపి అన్నదే ఉండదట. మందు నిషేధమున్న దేశంలోకి అదెలా వచ్చిందో నేనడగలేదు.

"తెరవండి సార్, భయం తగ్గుతుంది" అన్నాను.

"దేనితో తాగాలి?" అన్నాడు. వేయించిన బాదం, ముదురు జున్ను, పుట్టగొడుగుల సూపు లేనిదే మూత తీయడం పాపమట. వీధిలో ట్యాంకులు తిరుగుతుంటే, జున్ను ఎంత ముదరాలో నాకు బోధించాడు. జీతమిచ్చే మనిషి గనుక శ్రద్ధగా విన్నాను. తర్వాత ముగ్గురం, డ్రైవరు వరుసలో నిలబడి తెచ్చిన ఖుబూస్ రొట్టెలు నీళ్లపప్పులో ముంచుకుని తిన్నాం.

ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు బాదారు. దొరను బీరువాలోకి తోశాం. సీసా కిటికీలోనే ఉండిపోయింది. లోపలికొచ్చిన సైనికుడు అదేమిటని అడిగాడు.

"దవా. కడుపునొప్పికి" అన్నాడు డ్రైవరు.

సైనికుడు మూత తీసి గుక్కెడు తాగి మొహం చిట్లించాడు. నా పళ్లెంలోని ఖుబూస్ ముక్క నోట్లో కుక్కుకుని ఇంకో గుక్క తాగాడు. "ఖర్బాన్! పాడైపోయింది" అని సీసా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

బీరువా తెరిస్తే దొర చెమటలో తడిసి ముద్దయ్యాడు.

"గండం గడిచింది సార్."

"పాడైందన్నాడా?" బీరువా సందులోంచి అంతా చూశాడట, సీసా నా చేతిలోంచి లాక్కున్నాడు. "రొట్టెతో తాగితే అలాగే ఉంటుంది!"

నేను తెలుగులో చెప్పగానే డ్రైవరు నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. "ఏం మనిషి సామీ! తుపాకీ సంగతి ఇడ్సిపెట్టి రొట్టెను తిడతాండాడే!"

ఆ సాయంత్రం మిగిలిన శెనక్కాయ విత్తనాలు ఉప్పూకారం వేసి వేయించాను. దొర మొదట అనుమానంగా చూశాడు, తర్వాత గిన్నె తన వైపు లాక్కున్నాడు. నాకూ ఒక గుక్క పోశాడు. డ్రైవరు మందు ముట్టడు, విత్తనాలకు మాత్రం పోటీపడ్డాడు.

తర్వాత నేను జోర్డాన్ బస్సెక్కి ఇల్లు చేరాను. డ్రైవరు రాలేదు. ఇరాక్ తెల్లవాళ్లను వెళ్లనిచ్చి దొర విమానమెక్కేదాకా, గదిలో దాక్కున్న ఆయనకు తిండి మోశాడు. మరుసటేడు రాయచోటిలో కలిసినప్పుడు దొర గురించి అడిగాను.

"పోయేటప్పుడు నన్ను పట్టుకోని ఏడ్సినాడన్నా. నాకూ ఆగలే" అన్నాడు.