ఉయ్యాలో కింద ఎర్రగీత

ఒక్క టిక్కు గుర్తుతో బతుకమ్మ పండుగను బోర్లా పడేసిన ఘనుడు మా కామాఠిపురాలో ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఈ కథ చెప్పి తల దించుకుంటానని ఎవరైనా అనుకుంటే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. నేను దించుకోను. ఆ రోజూ దించుకోలేదు. మా స్వప్న విసిరిన చెప్పు తప్పించుకోవడానికి ఒకసారి వంచాను గానీ, అది వేరే లెక్క.

ముందు మా భాష సంగతి చెప్పాలి, లేకపోతే తప్పంతా నాదే అనుకుంటారు. మా తాతలు పాలమూరు నుంచి ఈ బొంబాయికి ఇటుకలు మోయడానికి వచ్చారు. ఇక్కడివాళ్ళు వాళ్ళను కామాఠీలు, అంటే కూలీలు అన్నారు, పేటకు ఆ పేరే పడింది. కామాఠిపురా అనగానే మొహం అదోలా పెట్టేవాళ్ళకు నేను ఈ ముక్కే చెప్పి, పెట్టిన మొహం పెట్టినట్టే ఉండగా వెళ్ళిపోతాను. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీ, మూడూ ఒకే నోట్లో కాపురం చేస్తుంటాయి. అప్పుడప్పుడూ కొట్టుకుంటాయి కూడా.

అలా కొట్టుకునే మాటల్లో మొదటిది ‘చాలు’. తెలుగులో చాలు అంటే ఇక ఆపమని. మరాఠీలో చాలూ అంటే నడుస్తోందని, నడవనీ అని. మేము రెండూ వాడతాం. ఫ్యాన్ చాలు చెయ్ అంటాం, అన్నం వడ్డిస్తుంటే చాలు చాలు అంటాం. ఎదురింటి మరాఠీ ఆవిడ ఒకసారి మా ఇంట్లో వడ్డించింది. మా మామ రెండు చేతులూ ఊపుతూ చాలు, చాలు అని మొత్తుకుంటుంటే, ఆవిడ ముచ్చటపడి గిన్నె ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉంది. ఆ మామే ఈ కథలో ఉన్నాడు. ఆ మాటే నా కొంప కూడా ముంచింది.

మామ అంటే మా మేనత్త పోశమ్మ భర్త, నర్సింగ్ మామ. ఒక వకీలు దగ్గర మరాఠీ టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. కళ్ళు మూసుకుని టైపు కొడతాడు. ఏం కొట్టావని అడిగితే మాత్రం తెలియదంటాడు. అక్షరాలు చూడడమే తన పని, మాటలు చూడడం వకీలు పని అని ఆయన సిద్ధాంతం.

మా పోశమ్మత్తకు మాటలే ప్రాణం. మా చాల్‌లో, అంటే మేముండే వరసగదుల మేడలో, బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆవిడే. అందులో ఒక పాట ఏ పుస్తకంలోనూ లేదు. మా నాయనమ్మ కట్టింది. ఇటుకలు మోస్తూ, నిచ్చెన మెట్లెక్కుతూ కట్టిన పాట. ఆ సంవత్సరం అత్త గొంతులో కాయ తీశారు. తాను చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కు వెళ్ళేముందు అత్త మంచం మీద కూర్చుని నాయనమ్మ పాట చెబుతుంటే మామ కంప్యూటర్‌లో కొట్టాడు. తెలుగు పాటే, కానీ మరాఠీ అక్షరాల్లో. ఎందుకంటే మా చాల్ ఆడపిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు గానీ తెలుగు అక్షరం రాదు. నాకూ రాదు. ఆ అక్షరాలు మాకు ఎవరూ చెప్పలేదు. ఇందులో సిగ్గుపడడానికి ఏముంది?

పాట మొదలు ఇలా ఉంటుంది.

అత్త ముద్దు పిల్ల ఉయ్యాలో
తట్ట నెత్తినెత్తె ఉయ్యాలో
బొంబైల మేడలు ఉయ్యాలో
బువ్వ లేక కట్టె ఉయ్యాలో

ఆ ఏడాది అత్త పాడే వీలు లేదు కాబట్టి పాట ఉండదని, గల్లీలో పండుగ జరిపే మండలి వాళ్ళు తేల్చేశారు. గల్లీ చివర పెద్ద స్పీకర్ పెట్టి సినిమా పాటలు వేస్తామన్నారు. అత్త ఆ మాట విని స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఒక్కటి కొట్టింది. మాటలు బంద్ అయినప్పటి నుంచి ఆ పళ్ళెమే ఆవిడ నోరు. మెల్లగా కొడితే అవును, గట్టిగా కొడితే కాదు, ఇంకా గట్టిగా కొడితే పారిపో. మా స్వప్న, అంటే అత్త కూతురు, మండలి వాళ్ళ ముందు నిలబడి, “మేం పాడుతం. కాయితం ఇస్తే చూసి పాడుతం” అంది. “పాట ఆగిందంటే స్పీకర్ చాలు చేస్తం” అన్నారు వాళ్ళు. తన అమ్మ పాట స్పీకర్ కింద పడి నలగకూడదు, అది అత్త పట్టుదల. ఆ కాగితాలు ముద్రించే పని నాకు అప్పగించారు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గ్రాంట్ రోడ్‌లో ఒక మొబైల్ రిపేరు దుకాణంలో పని. కంప్యూటర్ గురించి నాకు తెలియనిది లేదని మా చాల్‌లో ఒక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నా ఒక్కడికే ఉండేది.

పండుగ మధ్యాహ్నం మామ ఇంటికి వెళ్ళాను. మామ తన పాత టైపింగ్ ప్రోగ్రాం మీద నొక్కి, చాయ్ తాగడానికి కిందికి దిగబోతున్నాడు. అది తెరుచుకునేలోగా చాయ్ తాగి రావచ్చు, సమోసా కూడా తినవచ్చు.

“మామా, గీ డబ్బా ఇంకెన్నాళ్ళు వాడుతవ్?” అన్నాను. “కొత్త ప్రోగ్రాం ఏస్తున్న. ఇగ ఫైల్లన్ని దాంట్లనే తెరుసుకుంటయ్.”

“ఖాళీపీలీ ఉత్తగ ఎందుకురా శ్రీనూ. నాది మంచిగనే నడుస్తుంది.”

“నడుస్తలేదు మామా, పాకుతుంది.”

మామ జవాబు చెప్పేలోగా కొత్తది వేసేశాను. పాట ఫైలు మీద నొక్కగానే కంప్యూటర్ మర్యాదగా అడిగింది. దీన్ని కొత్త ప్రోగ్రాంతో ఈ ఒక్కసారే తెరవాలా, ఇకముందు ఎప్పుడూ దీంతోనే తెరవాలా అని. పక్కన ఒక ఖాళీ గడి. నేను పెద్దల మాట జవదాటేవాడిని కాదు కనుక వెనక్కి తిరిగి అడిగాను.

“మామా, ఎప్పటికీ అని టిక్కు పెట్టాల్నా?”

మామ రెండు చేతులూ ఊపుతూ, “చాలు శ్రీనూ, చాలు” అన్నాడు.

మీరే చెప్పండి. గుడ్డివాడైనా ఆ చేతుల ఊపును చూసి ఆపమంటున్నాడని గ్రహించేవాడేమో. కానీ నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి చాలు అంటే ఏమిటి? చాలు చెయ్యమని. పెట్టేశాను టిక్కు.

ఫైలు క్షణంలో తెరుచుకుంది. తెరుచుకోగానే పేజీ నిండా ఎర్రగీతలు. ప్రతి మాట కిందా ఒక ఎర్రగీత. బడిలో మా మరాఠీ బాయి, అంటే టీచరమ్మ, దిద్దిన నా పరీక్ష పేపరు కూడా అంత ఎర్రగా ఉండేది కాదు. ఆ ప్రోగ్రాంకు మరాఠీ బాగా వచ్చట. మరాఠీ అక్షరాల్లో ఉన్నది కనుక ఇది మరాఠీయేననీ, రాసినవాడికి మరాఠీ అస్సలు రాదనీ అది అనుకుంది.

“ఏందిరా ఆ ఎరుపు?” అన్నాడు మామ.

“నీ టైపింగ్ తప్పులు మామా.”

ముప్పై ఏళ్ళు కోర్టు కాగితాలు కొట్టినవాడితో అనవలసిన మాట కాదది. “నా టైపింగ్ల తప్పా? వకీల్ సాబ్ అసుంటోడే ఎన్నడు తప్పు వట్టలే. నువ్వొచ్చినవా పట్టనీకి?” అని కండువా దులిపి, దాదర్ పూలబజారు నుంచి వచ్చిన బంతిపూలు పేర్చడానికి కిందికి వెళ్ళిపోయాడు. నేను ఒంటరిగా మిగిలాను. తెర మీద ఒక బొత్తాం ఉంది, అన్నీ సరిచేయి అని. నొక్కాను. గీతలన్నీ పోయాయి. పేజీ కడిగిన పళ్ళెంలా మెరిసింది. అది తనంతట తానే పాత పాటను చెరిపి దాని చోట కొత్త పాటను దాచుకుంది కూడా.

ఒకసారి చదివి చూడలేదా అని మీరు అడుగుతారు. సరిచేసిన పేజీని ఎవడైనా చదువుతాడా? ముద్రించాను. చేతిలో వేడి కాగితాల కట్టతో పెళ్ళికొడుకులా మెట్లు దిగాను.

సాయంత్రం గల్లీలో బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళు నిలబడ్డారు. అత్త కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో పళ్ళెం. స్పీకర్ దగ్గర మండలి వాళ్ళు వైరు చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. స్వప్న కాగితం విప్పి, గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

“ఆత్తా ముద్దా పిల్లూ ఉద్యాలా.”

చుట్టూ ఉన్నవాళ్ళు కాగితం చూస్తూ అందుకున్నారు. “థట్టా నెత్తినెత్తె ఉద్యాలా.”

మరాఠీ రానివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆత్తా అంటే ఇప్పుడు. ముద్దా అంటే విషయం. పిల్లూ అంటే కుక్కపిల్ల. ఉద్యాలా అంటే రేపటికి. థట్టా అంటే వెటకారం. ఇప్పుడు విషయమేమిటంటే కుక్కపిల్ల రేపటికి, వెటకారం నెత్తికెత్తుకునేది రేపటికి. మా చాల్ ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని చప్పట్లు కొడుతూ చెప్పిన సంగతి ఇదీ.

ఎదురింటి మరాఠీ ఆవిడే ముందు నవ్వింది. తర్వాత గల్లీ అంతా నవ్వింది. మండలి వాళ్ళు స్పీకర్ వైరు గోడకు పెట్టబోయారు. అత్త పళ్ళెం మోగింది. అంత గట్టి మోత నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ నోరు తెరిచి, డాక్టరు గుర్తొచ్చి మూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి నేను ఆవిడ కుర్చీ వైపు ఒక అడుగు వేశాను, నిజమే చెబుతున్నాను. కానీ సరిగ్గా అప్పుడే స్వప్న చెప్పు వచ్చింది.

“ఏంది బావా ఇది? ఏం జేసినవ్ పాటను?”

“నేనేం జెయ్యలే. ప్రోగ్రాం సరిజేసింది.”

“ఏం సరిజేసింది? మా అమ్మమ్మ నెత్తి మీద థట్టా ఉండెనా? తట్ట ఉండె, ఇటుకల తట్ట. దాన్ని వెటకారం జేస్తవా?”

నాకూ రోషం వచ్చింది. మా నాయనమ్మ తట్ట కింద ఎర్రగీత పెట్టింది నేనా? “తట్టనే అని నీకెట్ల తెలుసు? పాటలు రావు, చూసే పాడుతనంటివి కద.”

“తెల్వదా? పుట్టినకాడి సంది ఇంటున్న.”

“అయితే తర్వాతది ఏంది? చెప్పు చూద్దాం.”

“బొంబైల మేడలు ఉయ్యాలో.”

“దాని తర్వాత?”

స్వప్న చెప్పబోయేలోగా పక్కనున్న పిన్ని కోపంగా అందుకుంది. “బువ్వ లేక కట్టె ఉయ్యాలో. ఇది గూడ తెల్వదారా నీకు?” దాని తర్వాతది ఇంకొకామె అందుకుంది. నన్ను తిట్టాలన్న పట్టుదలతో ఒక్కొక్కరూ ఒక్కో చరణం నా మొహం మీద విసిరారు. విసిరీ విసిరీ ఎప్పుడు చప్పట్లు మొదలుపెట్టారో, ఎప్పుడు తిరగడం మొదలుపెట్టారో తెలియదు. కాగితం ఎవరి చేతిలోనూ లేదు. నేను ముద్రించిన కాగితాల్లో నువ్వుల సత్తు పొట్లాలు కట్టి పిల్లలకు పంచారు. స్పీకర్ వైరు పట్టుకున్నవాడు దాన్ని పట్టుకునే నిలబడిపోయాడు. అత్త గరిటెతో పళ్ళెం మీద తాళం వేసింది, పాట అయిపోయేదాకా.

ఇప్పుడు చెప్పండి. నేను అచ్చుతప్పు లేని కాగితాలు ఇచ్చి ఉంటే వాళ్ళు ఆ కాగితాలు చూసి పాడి, ఇంటికి వెళ్ళి పడుకునేవాళ్ళు. పాట తమ నోట్లోనే ఉందని వాళ్ళకు తెలిసేదే కాదు. ఈ మాట స్వప్నతో అంటే ఇంకో చెప్పు ఎక్కడుందని వెతికింది.

మామ తన పాత ప్రోగ్రాం తనకు తిరిగి పెట్టమన్నాడు. పెట్టనన్నాను. మా మాట తప్పని ఒక యంత్రం అంటే మేము దాన్ని వదిలి పారిపోవాలా? ఇద్దరం కూర్చుని, పోయిన పాటను స్వప్న నోటి నుంచి మళ్ళీ కొట్టాం. ప్రతి ఎర్రగీత దగ్గరా ఆగి, ఇది కూడా మాటే, నేర్చుకో అని దానికి చెప్పాం. అత్త, పిల్ల, తట్ట, ముద్దు అన్నీ నేర్పాం. ఇప్పుడు మా కంప్యూటర్‌కు ఉయ్యాలో వచ్చు. దాని కింద గీత పెట్టదు.

కొన్నాళ్ళకు డాక్టరు అత్తను మాట్లాడవచ్చన్నాడు. మొదటి మాట ఏమంటుందోనని మేమంతా మంచం చుట్టూ చేరాం. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడిగాను.

“అత్తా, నాయనమ్మ పాటలు ఇంకేమన్నా ఉంటే చెప్పు. అన్నీ కంప్యూటర్ల ఎక్కిస్త.”

అత్త పళ్ళెం పక్కన పెట్టింది. గొంతు పెగుల్చుకుని అంది.

“చాలు.”

ఏ చాలో ఇప్పటికీ తెలియదు. అడిగితే నవ్వుతుంది, పళ్ళెం వెతుక్కుంటుంది. అందుకే బంతిపూల మీద చేయి వేసి నేను ప్రమాణం చేస్తున్నాను. ఏ కంప్యూటర్ ‘ఇకముందు ఎప్పుడూనా’ అని అడిగినా, ఎదుటి మనిషి ఏ భాషలో చాలన్నాడో కనుక్కోకుండా ఈ జన్మలో మళ్ళీ టిక్కు పెట్టను. ఈలోగా అత్త మాటకు నాకు నచ్చిన అర్థమే తీసుకుని, రెండో పాట ఎక్కించడం చాలు చేశాను.