ఎడమ మెలిక

ఇంటి దేవుడి మీద, నా అంగడి తాళాల మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. కంబదూరులో నా మాట నమ్మేవాళ్లు తక్కువ కాబట్టి ఒట్టు కాస్త గట్టిగానే వేస్తున్నాను.

ఈ పొద్దున డ్రిప్పు పైపుల కట్ట విప్పుతుంటే ఎండకు కాగిన నల్ల ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. చుట్టగా ఉండి ఉండి అలవాటుపడ్డ పైపు, కొస పట్టి లాగితే స్ప్రింగులా మెలికలు తిరుగుతూ సాగింది. ఆ మెలిక చూస్తే నాకు ఇస్మాయిల్ సార్ గుర్తొస్తారు. గుర్తొచ్చిన ప్రతిసారీ కడుపులో మంట.

ఆయన అనంతపురంలో కాలేజీ పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెప్పేవారు. మా ఊరి దగ్గర ఆయనకు కొన్ని చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, ఉండేవి. వాటికి వాషర్లూ పైపులూ కొనడానికి ఆదివారాలు నా అంగడికి వచ్చేవారు. వాన లేని కాలంలో రైతులు నా పైపు చుట్టల మీదే కూర్చుని నా కథలు వినేవాళ్లు. కోతలని తెలిసీ వినేవాళ్లు. నాకున్న పేరల్లా అదే. ఒక ఆదివారం, కరువంతా నేలలో పడుకున్న కప్ప తొలి చినుక్కు లేచి మా నాయనను పేరు పెట్టి పిలిచిన కథ మంచి పట్టులో ఉంది. మూలన నిలబడ్డ సార్ మెల్లగా నోరు విప్పారు.

“కప్ప మాట్లాడిందో లేదో తెలీదు గానీ, కొన్ని కప్పల తోలులో మందుండాదప్పా. పెప్టైడ్ అంటారు. సన్న దారం మాదిరి. నీళ్లలో వదులుగా తేలతాంటాది. క్రిమి ఒంటి మీది జిడ్డు పొర తగిలితే చాలు, కుడి మెలిక తిరిగి స్ప్రింగైతాది. ఒక పక్క నూనెను కోరతాది, ఇంకో పక్క నీళ్లను. అట్ల పొరలోకి దూరి చిల్లు పెడతాది.”

గొర్రెలు కాసే ఈరన్న నా కథ మధ్యలోనే నాకు వీపు తిప్పి సార్ వైపు కూర్చున్నాడు. “క్రిమి ఊరికే ఉంటాదా సార్?”

“యాడుంటాది? దారాన్ని తునకలు చేసే కత్తెర్లుండాయి దానికి. అందుకే అద్దంలో బొమ్మ మాదిరి ఎడమ మెలిక దారం తయారు చేస్తారు. కత్తెరకు అది పట్టదు. చిల్లు మాత్రం అట్లే పడతాది.”

“ఎట్ల సార్? ఎడమ చెప్పు కుడికాలికి పట్టదే!”

“చెప్పుకైతే కాలుండల్ల. ఇది గోడకు కన్నమేసే పని. కన్నానికి కుడేంది, ఎడమేంది?”

అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. నా కప్ప మాట్లాడితే వచ్చింది చిరునవ్వే. నిజాన్ని మించేలా అబద్ధం చెప్పడానికి నేను ఇన్నేళ్లూ చెమటోడిస్తే, ఈ మనిషి నా అబద్ధాన్ని మించిన నిజాన్ని వాషర్లు ఏరుకుంటూ చెప్పేశాడు. మరుసటి వారం నుంచి అంగడిలోకి వచ్చిన ప్రతివాడూ “సార్ ఇంకా రాలేదా?” అని అడిగేవాడే. ఈరన్న అయితే నా ముఖం మీదే అన్నాడు: “నీ కప్ప మాట్లాడతాదన్నా, అంతే. సార్ కప్ప పని చేస్తాది.”

ఇక ఊరుకోలేకపోయాను. అందరి ముందూ గడ్డపారకు పైపు చుట్టాను. “చూడండప్పా, ఇది కుడి మెలిక. తిరగేస్తే ఎడమ. ఇంతోటి దానికి అద్దమెందుకు? నేను గెలిస్తే సార్ ఈడ కథలు చెప్పగూడదు. ఓడితే నేనే నోరు మూస్తా.” తిరగేశాను. కుడి మెలికే. మళ్లీ తిరగేశాను. మళ్లీ అదే. అంగడంతా నవ్వు.

సార్ నవ్వలేదు. నా అరలోంచే మరలున్న కడ్డీ ఒకటి తీసి, నట్టు నా చేతిలో పెట్టారు. “ఎక్కించు.” కుడికి తిప్పితే ఎక్కింది. రెండో కొసన కూడా కుడికే ఎక్కింది. “దినామూ ఇవే అమ్ముతాండావు కదప్పా. తిరగేస్తే మర మారతాదా?”

నోరు మూశాను. వెళ్తూ వెళ్తూ ఆయన గడప దగ్గర ఆగారు. “మూసుకుంటే ఎట్లప్పా? నేను చెప్తే క్లాసులో పిల్లోళ్లు నిద్రపోతాండారు. కప్ప పిలిచిందన్నావే, ఆడ్నుంచి మొదలుపెట్టి నువ్వు చెప్పు. మెలిక ఒక్కటి మాత్రం నిజంగా చెప్పు.”

ఆ మాటతో నా అసూయ కరిగిపోయింది. పోయిన ఎండాకాలం సార్ కాలం చేశారు. ఇప్పటికీ ఎంత పెద్ద కోత కోసినా, అందులో ఒక్క నిజాన్ని చేత్తో పట్టి, తిరగేసి చూసుకోనిదే చెప్పను.

ఒట్టు వేశాను గనుక దాచలేను. పైన ఒకటి కల్పించాను. కప్ప మా నాయనను పిలవడం కాదు, అది నిజమే. అసూయ కరిగిపోయిందన్నది అబద్ధం. ఆయన పోయాక అది ఇంకా పెరిగింది. నిన్న కూడా కుడీ ఎడమా తడబడకుండా ఆ కప్ప మందు కథంతా చెప్పాను. ఈరన్న చివరిదాకా విని, తువ్వాలు దులుపుకుని లేచాడు.

“బాగా చెప్తావన్నా. సార్ చెప్తే నమ్మబుద్ధయ్యేది.”