గదుల పట్టీలో వరసలు

పెదనాన్న చేత దారి చెప్పించుకోకుండా ఆయన గడప దాటిన మనిషి లేడు. ముప్పై రెండేళ్లు బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చున్నాడు. ఉద్యోగం అయిపోయింది గాని, కిటికీ ఆయన ముఖం ముందు నుంచి పోలేదు. ఇంటికొచ్చినవాళ్లు చేతులు కడుక్కుంటామంటే, నాలుగడుగులు తిన్నగా వెళ్లి కుడికి తిరగమనీ, అక్కడ మెట్టు ఉందనీ చెప్పేవాడు. పాతికేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్న పెద్దమ్మకూ అదే చెప్పేవాడు. ఆవిడ మెట్టు దిగి, "ఉందండీ, ఎటూ పోలేదు" అని లోపలినుంచి కబురు చెప్పేది.

అలాంటి మనిషికి తమ్ముడి కూతురి పెళ్లి పరాయి దేశంలో తగిలింది. పెళ్లికొడుకు వాళ్లుండేది ఒక దేశం, వీళ్లుండేది ఇంకొకటి. రెండింటికీ మధ్యన, సముద్రం ఒడ్డున ఉన్న హోటలును వెతికి పట్టుకున్నది పెళ్లికూతురి తండ్రి. చుట్టాలందరికీ ఫోన్లు చేసి పిలిచింది కూడా ఆయనే. పెళ్లినాడు హాలు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ వరసతో నోరారా పిలుస్తానని, ఆ ఒక్క పనీ ఎవరికీ ఇవ్వనని అనేవాడు. ఆ తర్వాత ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి పోయాడు. పోయే ముందు పెళ్లి ఆపొద్దని రెండుసార్లు చెప్పాడు.

మిగిలిన పనంతా పెదనాన్న నెత్తిన వేసుకున్నాడు. అతిథులకు ప్రయాణ, వసతి సూచనలని పద్నాలుగు పేజీలు రాసి నలభై మందికి పంపాడు. పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టుకోవాలి; లోపలి జేబు లేనివారు కుట్టించుకోవాలి. అక్కడ గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కి తిప్పాలి. ఆకలిని తిప్పడం కుదరదు కాబట్టి తినడానికి ఏదైనా దగ్గరుంచుకోవాలి. స్నానాల గదిలో వేడినీళ్ల కొళాయి ఎడమవైపు ఉంటుంది. ఎడమ అంటే గడియారం పెట్టుకునే చెయ్యి. హోటలు గది తలుపు తనంతట తానే తాళం పడుతుంది. కార్డు చేతిలో లేకుండా బయటికి రాకూడదు, తువ్వాలుతో అసలు రాకూడదు.

ఈ చివరిది చదివి పెళ్లికూతురు నవ్వింది. నాన్న పోయాక అదే మొదటిసారి. నవ్వినందుకు ఆ పూటంతా బాధపడింది.

గదుల పట్టీని మాత్రం పెదనాన్న ఎవరికీ చూపించలేదు. ఎవరికి ఏ గదో తానే తేల్చి, నేరుగా హోటలుకు పంపాడు. పేర్లు రాయలేదు, వరసలు రాశాడు. పాస్‌పోర్టుల్లో ఉన్న పేర్లు సొంత చుట్టాలకే తెలియవని, వరస అయితే మనిషి ఎక్కడున్నా పలుకుతాడని ఆయన వాదన. తెలుగులో రాసి, పక్కనే ఆ ఊరి అక్షరాల్లోకి ఎత్తి రాయించాడు.

పెళ్లి రేపు అనగా మధ్యాహ్నం మొదటి బస్సు హోటలు ముందు ఆగింది. పెదనాన్న రెండో బస్సు కోసం విమానాశ్రయంలోనే ఉండిపోయాడు. కౌంటరులోని అమ్మాయి పట్టీ తీసి, కూడబలుక్కుంటూ "అక్క" అని పిలిచింది. ఐదుగురు ఆడవాళ్లు లేచారు. "వదిన" అంది. ఆ ఐదుగురూ కూర్చోకముందే ఇంకో ఆరుగురు లేచారు. "బావ" అనేసరికి మగవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పట్టీ రాసిన మనిషి వరసలే అయ్యుంటాయని ఎవరో అన్నారు. కానీ పెదనాన్న ఇంటికి పెద్దకొడుకు. ఆయనకు అక్క ఎక్కడిది? పట్టీలో రెండో గది ఒక అన్నయ్యకు ఇచ్చి ఉంది. ఆ అన్నయ్య ఎక్కడినుంచి ఊడిపడ్డాడు? ముసలాయనకు మతి తప్పిందని తలా ఒక మాటా అనుకుని, దొరికిన తాళం కార్డు దొరికినట్టు తీసుకుని ఏదో ఒక గదిలోకి సర్దుకున్నారు.

సర్దుకోనిది పెళ్లికూతురి అమ్మ ఒక్కతే. అద్దాల తలుపు పక్కన కుర్చీలో, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కౌంటరులో అడిగి తెచ్చుకున్న పట్టీ నకలును పైనుంచి కిందికి రెండుసార్లు చూసి కూతురి చేతికిచ్చింది.

"మీ పెదనాన్నకి నేను మరదలిని. ఇందులో మరదలన్న మాటే లేదు," అంది.

"మర్చిపోయారేమోనే అమ్మా."

"ఆయన మర్చిపోయే మనిషి కాదు. మెట్టుని కూడా మర్చిపోడు. పిలిచిన మనిషే పోయాక నేను మాత్రం ఎవరి తరఫున వచ్చినట్టు? రేపు ఆ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లని నేనేమని పిలవను? సాయంత్రం విమానం ఉందటగా. నన్ను పంపించెయ్."

కోపంగా అనలేదు. పెళ్లికూతురు పట్టీ పట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంది. పెదనాన్న మీద కోపంతోనే, తప్పులు వెతుకుదామని మొదటినుంచి చదివింది. పెద్ద బావమరిది, చిన్న బావమరిది అని ఉంది. పెద్దమ్మకు అన్నదమ్ములు లేరు. అమ్మకు ఇద్దరున్నారు. పెద్ద మామయ్య ఫోన్ చేస్తే చాలు, "ఏం బావమరిదీ, బొత్తిగా నల్లపూసవైపోయావు" అని నాన్న గొంతు వీధిలోకి వినబడేది.

ఆమె మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి నాన్నయి చదివింది. అన్నయ్య అంటే పెదనాన్న. అక్క అంటే వాళ్లిద్దరికీ మధ్య పుట్టిన మేనత్త. ఒక్కొక్క వరసా వెళ్లి తన గదిలో తాను కూర్చుంది. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

అన్నిటికన్నా కింద, మూల గది ఎదురుగా, ఒకే మాట ఉంది. "ఇదిగో." పట్టీ ఇక్కడితో సరి అని చెప్పడానికి పెదనాన్న అలా రాశాడనుకుని అందరూ దాన్ని వదిలేశారు. ముప్పై ఏళ్ల కాపురంలో నాన్న అమ్మను పిలిచిన పిలుపు అదొక్కటే.

రెండో బస్సు వచ్చింది. పెదనాన్న దిగి, ఎక్కడ కాలు పెట్టాలో ఒక్కొక్కరికీ చూపించి లోపలికి వచ్చాడు. పెళ్లికూతురు ఎదురెళ్లి, మీ వరసలతో ఎందుకు రాయలేదని మెల్లగా అడిగింది. ఆయన కళ్లజోడు తీసి చొక్కాకు తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"పిలిచింది వాడమ్మా. పిలిచినవాడే గది చూపించాలి. నేను రాసిపెట్టానంతే," అన్నాడు.

ఆమె పట్టీ తీసుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టింది. ఇది నాన్న చదివినట్టు చదవమంది. అమ్మ నిదానంగా చదివింది. అక్క దగ్గర ఆగింది. బావమరుదుల దగ్గర ఆగింది. చివరి మాట మీద వేలు పెట్టి, ఇక తియ్యలేదు. బయట బస్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"బావగారూ," అంది తలెత్తకుండానే. "ఆయన రాత ఇంత గుండ్రంగా ఉండేది కాదు."

"వాడి రాతైతే హోటలువాళ్లకి అర్థం కాదుగదమ్మా," అన్నాడు పెదనాన్న.

అమ్మ లేవలేదు. పెళ్లికూతురు విమానం సంగతి అడగలేకపోయింది. కౌంటరులో మూల గది తాళం కార్డు ఒక్కటే మిగిలింది. ఆ అమ్మాయి దాన్ని పైకెత్తి, ఎవరిదో తెలియక, తన దగ్గరున్న పట్టీ చూసి, అక్షరం అక్షరం సాగదీస్తూ లాబీ అంతటికీ వినబడేలా పిలిచింది.

"ఇ... ది... గో?"

"ఆఁ, వస్తున్నా," అంది అమ్మ.

అనేసి, సగం లేచి, ఆగిపోయింది. ముందు నవ్వింది అమ్మే. తడి కళ్లతోనే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత పూర్తిగా లేచి వెళ్లి కార్డు తీసుకుంది. సంచీ కూతురికిచ్చి, పట్టీ తన దగ్గరే ఉంచుకుంది.

"రేపు ఆ తలుపు దగ్గర నిలబడతాలే. ఇందులో ఉన్నట్టే అందర్నీ పిలుస్తాను," అంది. "కానీ మా తమ్ముళ్లని బావమరిదీ అని పిలవమంటే మాత్రం నా వల్ల కాదు."