మంత్రిని పడవ ఎక్కించిన మా అత్త

మా మేనత్త పోయిందని నెల్లూరు నుంచి ఫోను వచ్చింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయిందట. సాయంత్రం టీవీలో ‘మాజీ శాసనసభ్యురాలి మృతి’ అని అడుగున అక్షరాలు పరుగెత్తాయి. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఆవిడను తలచుకుంటే ఈ వయసులోనూ నా గుండె జోరందుకుంటుంది, ఓట్లు లెక్కపెట్టే రోజున కొట్టుకున్నట్టు.

యాభైల చివర ఒక ఉప ఎన్నికలో మా సముద్రపు వైపు నుంచి అత్త మొదటిసారి గెలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ సీటు ఆవిడదే. అప్పట్లో నేను వాళ్లింట్లో ఉండి నెల్లూరు కాలేజీలో చదువుకునేదాన్ని. అసెంబ్లీకి వెళ్లేముందు అత్త వంటింట్లో పప్పు ఎనుపుతూ ప్రసంగం సాధన చేసేది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, “నువ్వు మంత్రివి. ఏం అడిగినా కుదరదను” అనేది. నేను కుదరదనగానే, “ఎందుకు కుదరదో చెప్పు!” అంటూ పప్పుగుత్తి ఎత్తి మీదికొచ్చేది. నలుగురిలో నోరు విప్పడం నాకు ఆ పీట మీదే అలవాటైంది.

రెండో ఎన్నిక మాత్రం చెమటలు పట్టించింది. బకింగ్‌హాం కాలువకు అవతల, సముద్రం ఒడ్డున ఒక పాలెం ఉంది. చేపలు అమ్ముకోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా ఒక్కటే పడవ. మొదటిసారి నిలబడ్డప్పుడు అత్త అక్కడ వంతెన వేయిస్తానని మాటిచ్చింది. వంతెన రాలేదు. దాంతో పాలెం పెద్దలు దురాయి వేశారు. వంతెన వచ్చేదాకా పాలెంలో ఎవరూ ఓటు వేయకూడదు. వాళ్ల కట్టుబాటుకు తిరుగులేదు.

“ఆడుండేది పిడికెడు ఓట్లక్కా. మనుబోలు పక్కకి పోదాం పద” అన్నారు పార్టీవాళ్లు.

“ఓట్లుండే కాడికి ఎవురైనా పోతారు” అని అత్త కొంగు దోపుకుని పడవెక్కింది. వెనకే నేనూ ఎక్కాను.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు తలెత్తి చూడలేదు. పాలెం పెద్దాయన భార్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

“ఏందమ్మా, మళ్లా ఓట్లకి వచ్చినావా?”

“లేదక్కా, తిట్లకి వచ్చినా. తిట్టండి, వింటా.”

అత్త ఇసుకలో చతికిలబడింది. వాళ్లు మొహమాటపడలేదు! ఎండ వాలేదాకా తిట్టారు. చివరికి ఆ పెద్దాయన భార్య తన కోడలి సంగతి చెప్పింది. నొప్పులు మొదలైన రోజున పెద్ద గాలి. పడవ కదల్లేదు. కోడలు ఆ ఒడ్డునే ప్రాణం విడిచింది. అత్త చాలాసేపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“నాకు ఓటెయ్యబాకండి. దురాయి దురాయే” అంది లేస్తూ. “నేను గెలిస్తే మాత్రం మీరు హైదరాబాదుకి రావాల. నేను ఒక్కదాన్నే చెప్తే ఈ మాట చల్లారిపోతాది.”

తిరుగు పడవలో నాతో అంది: “ఓటడిగే నోరు కాదే, తిట్లు వినే చెవి పెద్దదిగా ఉండాల మనకి.”

పాలెం ఓటు వేయలేదు. లెక్కింపులో ఆధిక్యం పెట్టెపెట్టెకీ అటూ ఇటూ ఊగింది. మైకులో అత్త పేరు వినపడగానే నేను చెప్పులు కూడా వదిలేసి రోడ్డు మీద పరుగెత్తాను!

అన్నట్టే అత్త పాలెం ఆడవాళ్లను రైలెక్కించింది. అసెంబ్లీ గ్యాలరీలో వాళ్ల పక్కనే నేనూ కూర్చున్నాను. అత్త వంతెన అడిగింది. “అక్కడ పడవ ఉంది కదా” అన్నారు మంత్రిగారు.

“ఉంది అధ్యక్షా. గాలి రోజున మంత్రిగారు ఒక్కసారి ఆ పడవెక్కాలని నా మనవి.”

సభ గొల్లున నవ్వింది. ఇంతలో పెద్దాయన భార్య గ్యాలరీలో లేచి నిలబడి, “రా సామీ! చేపల పులుసు పెడతాం!” అని కేకేసింది. సిబ్బంది మా మీదికి పరుగెత్తుకొచ్చారు. మంత్రిగారు కూడా నవ్వేశారు. నవ్వాక ఇక తప్పించుకోలేకపోయారు.

కార్తీకంలో, ముసురు పట్టి గాలి ఊళపెడుతున్నప్పుడు వచ్చారు. నడి కాలువలో పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి దూకాయి. ఖద్దరు బట్టలు తడిసి ఒంటికంటుకున్నాయి. ఆయన రెండు చేతులా పడవ అంచు పట్టుకున్నారు.

“నిండు చూలాలిని ఇందులోనే కూచోబెడతారయ్యా” అంది అత్త నెమ్మదిగా.

ఆయన ఒడ్డున దిగి ఇసుకలో కాలు పెట్టాక, “వంతెన ఎక్కడ కావాలో చూపించమ్మా” అన్నారు.

కట్టడానికి ఏళ్లు పట్టింది. ప్రారంభం రోజున బ్యాండు, తోరణాలు, అడ్డంగా ఎర్ర రిబ్బను అన్నీ సిద్ధం. మంత్రిగారి కారే రాలేదు. ఆ తెల్లవారుజామున వలలు నిండుగా పడ్డాయి. గంపలెత్తుకున్న ఆడవాళ్లు అవతలి కొసన ఓపిక పట్టి, పట్టి, ఇక పట్టలేకపోయారు.

“చేపకి ముహూర్తం తెలవదమ్మా!” అంటూ పెద్దాయన భార్య వంతెన మీదికి నడిచింది. వెనక అందరూ కదిలారు. ఆఫీసర్లు “ఆగండి, ఆగండి” అంటున్నారు. అత్త కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతూ వెళ్లి, ఆ రిబ్బను రెండు చేతులతో తలకు పైగా ఎత్తి పట్టుకుంది.

దాని కింద నుంచి వాళ్లు ఒకరి వెనక ఒకరు పరుగులాంటి నడకతో దాటారు. గంపల్లోంచి ఉప్పునీళ్లు ఆవిడ భుజాల మీద, కొత్త సిమెంటు మీద చుక్కలు చుక్కలుగా రాలాయి. చివరి మనిషి దాటేదాకా ఆవిడ చేతులు దించలేదు.