లోర్నా ఊరుకోవడం నేర్చుకున్న చలికాలం

“వీడు ఎప్పటికీ మాట్లాడకపోతే?”

ఈ మాట నేను మొదటిసారి పైకి అన్నది మా ఆయనతో కాదు, డాక్టరుతోనూ కాదు. నా జుట్టు కత్తిరిస్తున్న లోర్నా హేక్కినెన్‌తో. మా అర్వోకి అప్పటికి మూడేళ్ళు నిండాయి. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు తప్ప నోట ఒక్క మాట లేదు. నేను ఊళ్ళోకి వచ్చే మంచినీళ్ళను పరీక్ష చేస్తుంటాను. సరస్సు నీళ్ళలో ఏం కలిసిందో చెప్పగలను గానీ, నా బిడ్డ గొంతులో ఏం ఆగిపోయిందో నాకు తెలియదు.

లోర్నా కత్తెర ఆపి అద్దంలో నన్ను చూసింది.

“నాకూ తెలీదు కైసా. పిల్లలకి మాటలు నేర్పే పనే నేర్చుకుంటున్నాను కానీ, పరీక్ష పాసైనా ఆ మాట చెప్పే హక్కు నాకు రాదు. అది థెరపిస్టు చెప్పాలి. నేను ఆవిడ చెప్పినట్టు పిల్లలతో కూర్చుని ఆడించేదాన్ని, అంతే.”

మా ఊరు హాన్‌కాక్‌లో మగవాళ్ళు మాట పొదుపు మనుషులు. వాళ్ళందరి బదులు కుర్చీ వెనక నుంచి లోర్నాయే మాట్లాడేది. “చెవుల దగ్గర పొట్టిగానే కదా? పొట్టిగానే. ఈసారి చేపలు పడ్డాయా? ఎక్కడ పడతాయిలే, మంచు చూశావుగా.” కుర్చీలో కూర్చున్నాయన లేచి వెళ్ళేలోపు ఆయన ఇంటి విషయాలన్నీ ఆవిడే అడిగి, ఆవిడే చెప్పేసేది. భర్త వెయినోకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రెండేళ్ళు అలాగే ఉండి చనిపోయాడు. ఆయన పోయాక, యాభై దాటిన వయసులో, స్పీచ్ థెరపీ సహాయకురాలి చదువులో చేరింది. పాఠాలు అయ్యాయి. ఇక థెరపిస్టు కళ్ళ ముందు పిల్లలతో పని చేసి, ఆవిడ చేత సరే అనిపించుకోవాలి. ఆవిడ కాదంటే చదివిందంతా వృథా.

ఆ థెరపిస్టు పేరు డెనీస్. లోర్నా కూతురి వయసు. అర్వో వెళ్ళే బడిలోనే పని. మూల కుర్చీలో కూర్చుని చూడటానికి నాకు అనుమతి ఇచ్చింది. లోర్నా అర్వోని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“బిస్కెట్టు కావాలా బంగారం? కావాలి కదూ? ఇదిగో, ఎంత చక్కగా అడిగావు.”

అర్వో అడగలేదు. తిన్నాడు.

ఆట అయ్యాక తలుపు దగ్గర డెనీస్ మెల్లగా అంది. “అడిగిందీ మీరే, జవాబు చెప్పిందీ మీరే, మెచ్చుకున్నదీ మీరే. వాడికి చెయ్యడానికి ఏం మిగిలింది లోర్నా?”

“నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎవరూ ఇంతవరకు వంక పెట్టలేదమ్మా.”

“పెట్టే సందు ఇచ్చారా వాళ్ళకి?”

లోర్నా నవ్వింది గానీ డెనీస్ నవ్వలేదు. “ఇలాగే ఉంటే నేను సంతకం పెట్టలేను. వచ్చే వారం మళ్ళీ చూస్తాను.”

శనివారం సాయంత్రాలు మా ఇంటి ఆడవాళ్ళం లోర్నా వాళ్ళ సౌనాకే, కట్టెల పొయ్యి మీద రాళ్ళు కాచే ఆవిరిస్నానం గదికే, వెళ్తాం. ఆ శనివారం ఆవిడా నేనూ మాత్రమే ఉన్నాం. పై బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. లోర్నా రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసింది. ఆవిరి లేచి మా భుజాల మీద వాలింది. అక్కడ ఎవరూ మాట్లాడరు. చాలాసేపటికి ఆవిడే నోరు తెరిచింది.

“వెయినో ఇక్కడ మాట్లాడేవాడు.”

“ఆ జబ్బు వచ్చాకా?”

“ఆ. ఇంట్లో ఒక్క ముక్క వచ్చేది కాదు. ఇక్కడ కూర్చోబెడితే కాసేపటికి ‘నీళ్ళు’ అనేవాడు, ‘చాలు’ అనేవాడు. ఒకసారి మా పాత పడవ పేరు చెప్పాడు. వేడికి నాలుక వదులవుతోందనుకున్నాను. ఇంకా కట్టెలు ఎగదోసేదాన్ని. ఉడకబెట్టేశాను పాపం ఆయన్ని.”

వేడికి కండరాలు సడలుతాయని నేనేదో మొదలుపెట్టబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తింది.

“వేడి కాదు. సౌనాలో వాగితే మా అమ్మ తడి బర్చ్ చెట్టు కొమ్మలతో వీపు మీద ఒకటి వేసేది. అప్పటినుంచీ ఈ బల్ల మీద నాకు నోరు లేవదు. మొన్న డెనీస్ అన్నదాకా నాకు తట్టలేదు కైసా. డాక్టరు అడిగినా, ఫోనులో కూతురు అడిగినా నేనే చెప్పేదాన్ని. తను ఏం చెప్పేవాడో మరి.”

ఆ తరవాత ఆవిడ రాళ్ళ మీద నీళ్ళు పోయలేదు. పొయ్యి చల్లారేదాకా అలాగే కూర్చున్నాం.

మరుసటి వారం డెనీస్ గోడ వారగా కూర్చుంది. లోర్నా సబ్బు బుడగల సీసా మూత గట్టిగా బిగించి అర్వో ముందు పెట్టింది. వాడు తిప్పి చూసి, మూత రాక, ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఏం చెయ్యమంటావు?” అని ఒక్కసారే అడిగింది. సీసా బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. అది సౌనాలో కూర్చునే తీరు.

వాడు సీసాను చూశాడు. నన్ను చూశాడు. వాడు చెప్పాల్సిన మాట నా పళ్ళ వెనకే ఉంది, పెదవి కొరుక్కున్నాను. వాడికి కోపం వచ్చి బల్ల మీద కొట్టాడు, వెనక్కి తిరిగిపోయాడు. లోర్నా కదల్లేదు. ఆవిడ మెడ మీద చెమట కనిపిస్తోంది. చివరికి వాడు తిరిగి వచ్చి, ఆవిడ మొహంలోకి చూస్తూ, మూతి సున్నాలా చుట్టాడు.

“ఊ.”

లోర్నా మూత తీసి ఊదింది. ఏమీ అనలేదు. మంచు కరిగే రోజులకి డెనీస్ సంతకం పెట్టింది.

అర్వో ఎంతవరకు మాట్లాడతాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నేను అడిగినప్పుడల్లా లోర్నా డెనీస్ వైపే చూపిస్తుంది. ఇంట్లో నేనేం చెయ్యాలో అడిగితే మాత్రం చెప్పింది. రోజూ పొద్దున పాలగ్లాసు దగ్గర, భయం పోకపోయినా, అదే చేస్తున్నాను.

“ఒక్కసారే అడుగు. అడిగాక చేతులు ఒళ్ళో పెట్టుకో. వాడు ఏమీ అనకపోయినా ఆ ఖాళీ వాడిది కైసా, నువ్వు నింపకు.”