పెదనాన్న హ్రీంకారం

మొన్న బ్రాడీపేటలో మోకాళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. గోడ మీది టీవీలో ఎవరో స్వామి 'హ్రీం, హ్రీం' అంటూ ఆగకుండా జపిస్తున్నాడు. దాని కింద ఒకాయన సెల్‌ఫోన్లో మిర్చి రేటు కనుక్కుంటున్నాడు, రిసెప్షన్ పిల్ల పేర్లు కేకేస్తోంది. ఆ అక్షరాన్ని చెవిలో రహస్యంగా చెప్పించుకోవడానికి మా పెదనాన్న ప్రత్తిపాడు నుంచి అమరావతికి ఎన్నిసార్లు తిరిగాడో! ఇప్పుడది ఫ్యాను గాలితో పాటు ఉచితం. నవ్వు రావాలి. రాలేదు.

పెదనాన్నది మిరప, పత్తి వ్యవసాయం. పెళ్లయిన కొత్తలోనే ఒక స్వామి దగ్గర మంత్రం తీసుకున్నాడు. రోజూ తెల్లారకముందే స్నానం చేసి, దేవుడి గది తలుపు దగ్గరగా వేసుకుని జపం. కట్టుకున్న భార్యకైనా చెప్పకూడదని గురువుగారి ఆంక్ష. చెప్పడం దేనికి, ఆయన గొంతు అట్లాంటిది! ఈ గట్టు మీద మాట్లాడితే ఆ గట్టుకు వినిపించేది. తాను గొణుగుతున్నానని ఆయన అనుకునేవాడు, వంటింట్లో పెద్దమ్మ కూర తరుగుతూ అంతా వినేది. కల్లంలో ఎండుమిరపకాయలు తిరగేస్తున్నా జపమే. ఘాటుకు తుమ్మొస్తే మళ్లీ మొదటినుంచీ.

వాళ్లకు పిల్లల్లేరు. ఆయన జపం పిల్లల కోసమేనని పెద్దమ్మ నమ్మకం. మంత్రమంటే ఏదో ఒకటి అడగడమేగా అనుకుంది. ఏళ్లు గడిచాక దేవుడి మీద అలిగింది. "అంత మనిషి రోజూ అంతలా అడుగుతుంటే చెవిన పెట్టనివాడికి నేనెందుకు దణ్ణం పెట్టాలి?" అని గుడికి వెళ్లడమే మానేసింది. పెదనాన్నను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. పాపం, ఆయన చేయగలిగింది ఆయన చేస్తున్నాడు కదా అని.

తొంభైల చివర్లో, పత్తిని పురుగు తినేసిన ఏడాది, పెదనాన్న గుండె ఆగి పోయాడు. పెద్దమ్మ ఏడవలేదు. "ఏడవ్వే తల్లీ, బరువు దిగుద్ది" అని బతిమాలినవాళ్లకే మంచినీళ్లిచ్చింది. నాకూ ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన కాలులా ఉంది లోపలంతా. పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ అరుగు మీద నా పక్కకు చేరింది.

"ఏమే, నువ్వు సంస్కృతం చదివావుగా. హ్రీం అంటే ఏంటి?"

గుంటూరు కాలేజీలో నేర్చుకున్నది అప్పజెప్పాను. హకారం శివుడు, రేఫ ప్రకృతి, ఈకారం మహామాయ, చివరి బిందువు దుఃఖాన్ని పోగొట్టేది.

"బాగానే ఉంది. 'ఇవ్వు' అన్నది ఎక్కడుంది అందులో?"

"అట్లా ఉండదు పెద్దమ్మా. అది బీజాక్షరం. అమ్మవారిని తలుచుకోవడానికే, అడగడానికి కాదు."

"పిల్లల మాట?"

"లేదు. చివర్లో తెలుగులో ఏమన్నా అడిగేవాడేమో..."

"లేదులే. విన్నానుగా ఇన్నేళ్లూ. అదొక్కటే అనేవాడు."

కల్లం వైపు చూసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఆయన అడుగుతున్నాడనే నేను ఊరుకున్నానే," అంది. "లేకపోతే నేనే అడుక్కునేదాన్ని కదే!"

ఆవిడ లేచి లోపలికి వెళ్లి అందరికీ అన్నం వడ్డించింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, దేవుడితో రాజీ పడిందో లేదో కూడా నాకు తెలియదు. కాలం జవాబు చెప్పదని నేననను. చెబుతుంది, కాకపోతే ఎవరి మీద కోపపడాలో మనకు తెలిసేసరికి ఆ మనిషి ఉండడు.